ట్రక్కులో రాత్రి కరెంటుకు ఏది మేలు: డీజిల్ ఏపీయూనా, బ్యాటరీలా, పెద్ద ఇంజనేనా?

అమెరికాలో దూరప్రాంతాలకు లోడు తోలే డ్రైవరు 11 గంటలు బండి నడిపాక వరసగా 10 గంటలు ఆగి తీరాలి. ఆ 10 గంటలూ వెనక పడక ఉన్న స్లీపర్ క్యాబే ఇల్లు. జులైలో టెక్సాస్‌లో ఏసీ లేకపోయినా, జనవరిలో మిన్నెసోటాలో హీటరు లేకపోయినా కన్ను మూతపడదు. తెల్లారి అదే మనిషి 36 టన్నుల బండితో రోడ్డెక్కాలి. అందుకే ఈ ఖర్చును సోకు కింద రాయకండి.

పెద్ద ఇంజన్‌నే బండి కదలకపోయినా రాత్రంతా ఆన్‌లోనే (ఐడ్లింగ్‌లో) వదిలేస్తే కొత్తగా ఏదీ కొనక్కర్లేదు. దాని మేలు అంతవరకే. గంటకు దాదాపు 0.8 గ్యాలన్ (గ్యాలన్ అంటే సుమారు 3.8 లీటర్లు) తాగుతుంది, అంటే రాత్రికి 8 గ్యాలన్లు. పైగా ఐడ్లింగ్‌లో ఎగ్జాస్ట్ సరిగా వేడెక్కదు, మసి కాలదు, పొగలోని మసిని పట్టే ఫిల్టరు (డీపీఎఫ్) పూడుకుపోతుంది. కాలిఫోర్నియాలో 5 నిమిషాలు దాటితే జరిమానా. ‘క్లీన్ ఐడిల్’ స్టిక్కరున్న ఇంజన్లకు సడలింపు ఉంది కానీ, ఇళ్లకూ బడులకూ 100 అడుగుల లోపు అదీ చెల్లదు.

చాసిస్‌కు బిగించే చిన్న డీజిల్ ఇంజనే ఏపీయూ (ఆగ్జిలరీ పవర్ యూనిట్). ట్రక్కు ట్యాంకు నుంచే డీజిల్ తీసుకుని గంటకు 0.2 నుంచి 0.3 గ్యాలన్‌తో ఏసీ నడుపుతుంది, బ్యాటరీలు నింపుతుంది. రాత్రికి 5 గ్యాలన్లు మిగిలినట్టే. బిగింపుతో కలిపి 10 వేల డాలర్లు దాటుతుంది కాబట్టి, ఏడాదిలో ఎక్కువ రాత్రులు రోడ్డు మీదే గడిపేవాళ్లకే ఆ డబ్బు తిరిగొస్తుంది. దీని బరువు కోసం ఫెడరల్ చట్టం 550 పౌండ్ల వరకు అదనంగా అనుమతించినా, ఆ వెసులుబాటు ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టం. 2007, ఆ తర్వాతి ఇంజనున్న ట్రక్కుకు కాలిఫోర్నియాలో ఇంకో మెలిక: ఏపీయూకు సొంత మసి ఫిల్టరైనా ఉండాలి, దాని పొగ ట్రక్కు ఎగ్జాస్ట్‌లోకైనా పోవాలి.

ఏపీయూ కూడా ఇంజనేనని చాలామంది మరిచిపోతారు. రాత్రికి 10 గంటల చొప్పున నెలకు 25 రాత్రులు నడిస్తే నాలుగు నెలలకే 1,000 గంటలు. మైళ్ల మీటరు మీద అది కనబడదు. ఆయిలు, ఫిల్టర్లు, బెల్టు అన్నీ అవర్ మీటరు చూసి, కంపెనీ పుస్తకం చెప్పిన గంటలకు మార్చాల్సిందే. ఏసీ చల్లగా రావడం లేదని గ్యాస్ నింపించే ముందు కండెన్సర్ చూడండి. ఒకవైపు టార్చి వేస్తే రెక్కల మధ్య నుంచి రెండోవైపు వెలుగు కనబడాలి. పురుగులు, మట్టి, దూది అడ్డుపడి ఉంటే తోటకు నీళ్లు పట్టే పైపుతో కడిగితే చాలు. ప్రెషర్ వాషర్ పెడితే రెక్కలు వంగిపోతాయి. స్టార్టు కాకపోతే ముందు గ్రౌండ్ కేబుల్ విప్పండి. మంచు రోడ్ల మీద చల్లే ఉప్పు రాగిని తినేసి, కేబుల్ చివరుండే లగ్గు (బిగించే లోహపు ముక్క) లోపల పచ్చని పొడి పేరుకుని ఉంటుంది. బయటికి మాత్రం కేబుల్ బాగానే కనిపిస్తుంది.

బ్యాటరీ ఏసీకి చప్పుడు లేదు, పొగ లేదు, ఆయిల్ మార్చే పని లేదు. దాని లెక్క మాత్రం కచ్చితంగా చూసుకోవాలి. 100 ఆంపియర్ అవర్ల ఏజీఎం (లెడ్ యాసిడ్‌లో ఒక రకం) బ్యాటరీలు నాలుగు ఉన్నాయనుకోండి. అవి ఎక్కువకాలం మన్నాలంటే సగమే వాడాలి, అంటే 200. కంప్రెసర్ ఆగకుండా 40, 50 ఆంపియర్లు లాగితే నాలుగైదు గంటలు. వాతావరణం చల్లబడే ఊళ్లలో కంప్రెసర్ మధ్యమధ్య ఆగుతుంది కాబట్టి తెల్లారేదాకా లాగుతుంది. ఫీనిక్స్ ఎండాకాలంలో లాగదు. లిథియంలో ఎక్కువ భాగం వాడుకోవచ్చు, కానీ ధర ఎక్కువ, గడ్డకట్టే చలిలో ఛార్జింగ్ ఎక్కించకూడదు. వారపు డ్యూటీ గంటల లెక్క మళ్లీ మొదలుపెట్టడానికి 34 గంటలు ఒకేచోట ఆగాల్సి వస్తే మాత్రం ప్లగ్ పాయింటు దొరకాల్సిందే. చలికి ఇంత బాధ లేదు. పడక దగ్గర వేడినిచ్చే చిన్న డీజిల్ హీటరు (బంక్ హీటరు) గంటకు పావు లీటరు కూడా తాగదు, కరెంటూ కొద్దిగానే తీసుకుంటుంది.

మన దేశంలోనూ 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి చేశారు. ఇంజన్ ఆపితే ఆ చల్లదనమూ ఆగిపోతుంది కాబట్టి, ఈ లెక్కలు రేపు విజయవాడ ఆటోనగర్‌లోనూ వేసుకోవాల్సినవే.

క్యాబ్ వెనక చిన్న పెట్రోల్ జనరేటరు కట్టుకునేవాళ్లూ ఉన్నారు. చవకే, కానీ నిద్రపోయే క్యాబ్ పక్కన దాన్ని నడపడం నేను ఒప్పుకోను. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

దక్షిణాది రాష్ట్రాల్లో వారాల తరబడి తిరిగేవాళ్లకు, సర్వీసు తేదీ తప్పనివ్వని పక్షంలో, డీజిల్ ఏపీయూనే నా ఎంపిక. ఉత్తరాది రూట్లలో తిరిగి వారాంతానికి ఇంటికి చేరేవాళ్లకు బ్యాటరీ ఏసీ, బంక్ హీటరు చాలు. ఏపీయూ ఉన్న పాత ట్రక్కు కొంటుంటే అవర్ మీటరు, సర్వీసు రశీదులు పక్కపక్కన పెట్టి చూడండి. మీరు వెళ్లేసరికే అది వేడిగా ఉంటే, పూర్తిగా చల్లారనిచ్చి మళ్లీ స్టార్టు చేయించండి. స్టార్టింగ్ లోపం చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది.