ఎడిసన్‌లో తమ్ముడి ఇంటి నుంచి న్యూయార్క్, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్

అమ్మానాన్నలను తీసుకుని న్యూజెర్సీలోని ఎడిసన్ ఊళ్ళో తమ్ముడి ఇంటికి వెళ్ళే ముందే నేను ఒక మాట గట్టిగా చెప్పాను. ఎడిసన్‌లో మన ఇల్లు ఉంది కదా అని అన్ని ఊళ్ళకూ పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగి రావడం కుదరదని. న్యూయార్క్‌కు అది చక్కగా కుదురుతుంది. వాషింగ్టన్‌కు కుదరదు. సొంత మనుషులుండగా హోటల్ ఏమిటని మా మరదలు నొచ్చుకుంది. డెబ్బై దాటినవాళ్ళతో తిరిగాక తనే ఒప్పుకుంది.

న్యూయార్క్‌లో గదికి పెట్టే డబ్బు దండగ. ఎడిసన్ స్టేషన్‌లో న్యూజెర్సీ ట్రాన్సిట్ రైలెక్కితే గంటకు కాస్త అటూ ఇటూగా మన్‌హాటన్ నడిబొడ్డున పెన్ స్టేషన్‌లో దిగుతాం. 62 ఏళ్ళు దాటినవాళ్ళకు టికెట్ తగ్గింపు ఉంది, వయసు చూపే కార్డు జేబులో ఉంచుకోవాలి. వెళ్ళడం హాయే. తిరిగి రావడమే టెన్షన్. ఏ ప్లాట్‌ఫారమో బయలుదేరే కొద్ది నిమిషాల ముందు గానీ బోర్డు మీద వేయరు. వేయగానే జనమంతా ఒక్కసారిగా మెట్ల వైపు పరుగు. ఆఫీసులు వదిలే వేళ పెద్దవాళ్ళతో అక్కడ ఉండకండి. మేము మధ్యాహ్నం మూడింటికే తిరుగు రైలెక్కేవాళ్ళం, లేదా రాత్రి భోజనం అక్కడే కానిచ్చి ఎనిమిది దాటాక బయలుదేరేవాళ్ళం.

సబ్‌వే గురించి కూడా ముందే తెలుసుకోవాలి. ఎక్కువ స్టేషన్లలో లిఫ్టు లేదు. మ్యాపులో చక్రాల కుర్చీ గుర్తు ఉన్న స్టేషన్లనే ఎంచుకుని, మిగతా దూరానికి సిటీ బస్సు ఎక్కాం. బస్సు నెమ్మదే, కానీ కిటికీలోంచి ఊరు కనిపిస్తుంది. అమ్మకు అదే నచ్చింది.

లిబర్టీ విగ్రహానికి అందరూ మన్‌హాటన్ కొసన ఉన్న బ్యాటరీ పార్కు నుంచి వెళ్తారు. చుట్టాలు న్యూజెర్సీలో ఉంటే ఆ అవసరమే లేదు. జెర్సీ సిటీలోని లిబర్టీ స్టేట్ పార్కు నుంచి కూడా అదే కంపెనీ పడవలు నడుస్తాయి. కారు అక్కడే పెట్టుకోవచ్చు, లైను కూడా చిన్నది. ఈ పడవ ముందు ఎల్లిస్ దీవిలో ఆగుతుంది. 1892 నుంచి 1954 దాకా కోటీ ఇరవై లక్షల మందికి పైగా వలస వచ్చినవాళ్ళు ఆ దీవి మీదుగానే అమెరికాలో అడుగుపెట్టారు. వాళ్ళ పేర్లు రాసుకున్న పెద్ద హాల్లో అమ్మ బెంచీ మీద చాలాసేపు కూర్చుంది. "వీళ్ళ అమ్మలు మళ్ళీ వీళ్ళని చూసుంటారంటావా?" అని అడిగింది. తమ్ముడు ఏమీ అనలేదు, వెళ్ళి పక్కన కూర్చున్నాడు. విగ్రహం కిరీటంలోకి వెళ్ళాలంటే పీఠం పైనుంచి 162 ఇరుకు మెట్లు. పెద్దవాళ్ళకు పీఠం టికెట్ చాలు, అక్కడిదాకా లిఫ్టు ఉంది. దూరం నుంచి చూస్తే చాలనుకునేవాళ్ళకు స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ పూర్తిగా ఉచితం.

ఎత్తు నుంచి ఊరు చూడటానికి ఒక్క భవనం చాలు. నా ఓటు రాక్‌ఫెల్లర్ సెంటర్‌లోని టాప్ ఆఫ్ ద రాక్‌కే. ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ ఎక్కితే ఎంపైర్ స్టేట్ కనబడదు కదా! ఇక్కడి నుంచి అదీ, సెంట్రల్ పార్కూ రెండూ కనిపిస్తాయి.

ఫిలడెల్ఫియాకు ఒక టూర్ బస్సులో వెళ్ళాం. ఆ టూర్‌కు వెళ్ళమని ఎవరికీ చెప్పను. అమెరికా స్వాతంత్ర్యానికి గుర్తైన పాత గంట లిబర్టీ బెల్ దగ్గర ఇరవై నిమిషాలన్నారు, అందులో సగం సెక్యూరిటీ లైనుకే పోయింది. స్వాతంత్ర్య ప్రకటనను ఆమోదించిన ఇండిపెండెన్స్ హాల్‌ను బయటి నుంచే చూపించి బస్సెక్కించారు. నిజానికి బెల్ చూడటానికి టికెట్ లేదు. రెండూ ఒకదాని ఎదురుగా ఒకటి ఉంటాయి. సొంతంగా వెళ్తే ఒక పూటలో తీరిగ్గా చూడొచ్చు.

ఇక వాషింగ్టన్. కారులో నాలుగు గంటలు, టోల్‌గేట్లు వేరే. మేము ఇంటికి దగ్గర్లోని మెట్రోపార్క్ స్టేషన్‌లో దూరప్రయాణాల ఆమ్‌ట్రాక్ రైలెక్కితే సుమారు మూడు గంటల్లో యూనియన్ స్టేషన్ వచ్చేసింది. టికెట్ ముందుగా కొంటే చవక, 65 దాటినవాళ్ళకు పది శాతం తగ్గింపు. బస పొటోమాక్ నదికి అవతల ఆర్లింగ్టన్‌లో, మెట్రో స్టేషన్ పక్కనే తీసుకున్నాం. అది ఎక్కువగా ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్ళు దిగే చోటు, అందుకే శని, ఆదివారాల్లో అద్దె తగ్గింది. గదిలో చిన్న ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉన్నాయి, మరదలు కట్టిచ్చిన పులిహోర రెండు పూటలు వచ్చింది. అక్కడి మెట్రోలో ప్రతి స్టేషన్‌కూ లిఫ్టు ఉంది. న్యూయార్క్ తర్వాత అది ఎంత సుఖమో మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని అడగాలి.

వాషింగ్టన్‌లో ఉన్న స్మిత్‌సోనియన్ సంస్థ మ్యూజియాలన్నిటికీ ప్రవేశం ఉచితం. చక్రాల కుర్చీలు కూడా డబ్బు తీసుకోకుండానే ఇస్తారు, ముందు వచ్చినవాళ్ళకు ముందు. ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియానికి ఉచిత పాసు ఆన్‌లైన్‌లో ముందే తీసుకున్నాం. నేచురల్ హిస్టరీ మ్యూజియానికి అదీ అక్కర్లేదు.

మేము గుంటూరు జిల్లా వాళ్ళం కాబట్టి ఆ మ్యూజియం రెండో అంతస్తు మాకు వేరే లెక్క. అక్కడ గాజు పెట్టెలో నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది హోప్ వజ్రం, 45.52 క్యారెట్ల నీలి రాయి. మా ఉమ్మడి గుంటూరు జిల్లాలోనే కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గనిలో దొరికిందని చరిత్రకారుల అంచనా. టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు దాన్ని తీసుకెళ్ళి 1668లో పద్నాలుగో లూయీకి అమ్మాడు. ఫ్రెంచి విప్లవ కాలంలో, 1792లో దొంగలపాలైంది. చేతులు మారి మారి, చివరికి హ్యారీ విన్‌స్టన్ అనే నగల వ్యాపారి 1958లో ఈ మ్యూజియానికి ఇచ్చేశాడు, అదీ రిజిస్టర్డ్ పోస్టులో! కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. "ఊరు మునిగిపోయింది, రాయి ఇక్కడ తిరుగుతోంది అమ్మాయీ" అన్నారు నాన్న. పక్కన నిలబడ్డ పిల్లలకు తన ఇంగ్లీషులో ఆ కథంతా చెప్పారు. వాళ్ళు కదలకుండా విన్నారు. టూర్ బస్సులో వచ్చుంటే ఆ గంట మాకు దక్కేది కాదు.

లింకన్ మెమోరియల్‌కు చీకటి పడ్డాక వెళ్ళండి. ఎండ ఉండదు, రాత్రి కూడా తెరిచే ఉంచుతారు, మెట్లెక్కలేనివాళ్ళకు లిఫ్టు ఉంది.

చుట్టాల సంగతి కూడా చెప్పాలి. తమ్ముడూ మరదలూ ఇద్దరూ ఉద్యోగాలు చేస్తారు. మామూలు రోజుల్లో మేమే రైలెక్కి తిరిగాం. శని, ఆదివారాలు వాళ్ళకు వదిలేశాం. ఓక్ ట్రీ రోడ్డులో కూరగాయలు, బ్రిడ్జ్‌వాటర్‌లో వెంకటేశ్వరస్వామి గుడి, అంతే. వాళ్ళను సెలవు పెట్టమని ఒక్కసారీ అడగలేదు.

ఈసారి వెళ్తే న్యూయార్క్‌కు ఒక రోజు తగ్గించి వాషింగ్టన్‌లో ఇంకో రాత్రి ఉంటాం. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో తెలుగు పుస్తకాలు ఉన్నాయని నాన్నకు రైలెక్కాక తెలిసింది. అది చూడకుండా వచ్చేశామని ఇప్పటికీ అంటూనే ఉన్నారు.