మెయిల్ సింక్‌కు క్రాన్ మేలా, సిస్టమ్‌డీ టైమర్ మేలా?

లినక్స్‌లో ఎంబీసింక్ అనే ప్రోగ్రామ్‌తో మెయిళ్లు దించుకునేవాళ్లకు, చెప్పిన టైముకు పనులు నడిపే క్రాన్ తేలిక. దాని పనుల జాబితా ఫైలైన క్రాన్‌ట్యాబ్‌లో ఒక్క లైను రాస్తే 10 నిమిషాలకోసారి సింక్ నడుస్తుంది. కానీ ఆ టైముకు కంప్యూటర్ ఆఫ్‌లో ఉంటే ఆ వంతు పోయినట్టే. పైగా ముందుది ముగియకుండానే క్రాన్ ఇంకోటి మొదలుపెడుతుంది. హన్మకొండలో మా నెట్ నెమ్మదించిన సాయంత్రాల్లో ఇదో టెన్షన్.

లినక్స్‌లో సర్వీసులను నడిపించే సిస్టమ్‌డీకి టైమర్ (ఎప్పుడు నడవాలో), సర్వీస్ (ఏం నడవాలో) అని రెండు ఫైళ్లు రాయాలి, కాస్త విసుగే. అయితే సర్వీస్ నడుస్తుండగా రెండోది మొదలవ్వదు. టైమర్ ఫైలులో టైము చెప్పే ఆన్‌క్యాలెండర్‌కు తోడు పర్సిస్టెంట్ అనే సెట్టింగ్ పెడితే, కరెంటు పోయి వచ్చాక తప్పిన సింక్‌ను అదే చేసేస్తుంది. నా ఓటు దీనికే. యూజర్ టైమర్ (మన యూజర్ అకౌంటు కింద నడిచేది) అయితే మాత్రం, లాగిన్ కాకపోయినా నడవాలంటే లింగర్ అనే సెట్టింగ్ ఆన్ చేసుకోవాలి.

రోజంతా ఆన్‌లో ఉండి, నెట్ నెమ్మదించని మిషన్‌కు క్రాన్ చాలు.