దారెస్సలాంలో జిమ్: ఏసీ కన్నా గాలి ముఖ్యం

టాంజానియాలోని దారెస్సలాంలో జిమ్ వెతుక్కునేవారు యంత్రాలు తర్వాత చూడండి, ముందు గాలి చూడండి. ఉపంగాలో ఒక పాత భవనం పై అంతస్తులో ఉన్న చిన్న జిమ్‌కు కొన్నేళ్లుగా వెళ్తున్నాను. అంతకుముందు మసాకి వైపు అద్దాల గోడల ఖరీదైన జిమ్‌లోనూ, ఆఫీసుకు దగ్గరగా ఉందని ఒక హోటల్ జిమ్‌లోనూ సభ్యత్వం తీసుకున్నాను. మూడింటినీ వేసవి ఉక్కలోనూ, వానల్లోనూ, కరెంటు కోతల్లోనూ వాడి చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఈ ఊరి వేడి విజయవాడ వేడి లాంటిది కాదు. ఇక్కడ పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటడమే అరుదు. మే నెలలో 44 చూసి వచ్చినవారికి ఇదొక లెక్కా అనిపిస్తుంది. కానీ పక్కనే హిందూ మహాసముద్రం. డిసెంబరు నుంచి మార్చి దాకా రాత్రిళ్లు కూడా చల్లబడవు, తెల్లవారుజామున గాలిలో తేమ 90 శాతం చుట్టూ ఉంటుంది. విశాఖ వేసవి తెలిసినవారికి దీని సంగతి చెప్పనక్కర్లేదు. చెమట ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. ఆవిరి కాకుండా ధారగా కారిపోతే ఒంట్లోని నీరూ ఉప్పూ పోవడమే తప్ప ఫలితం ఉండదు. తేమను మనం తగ్గించలేం గానీ, ఒంటికి తగిలే గాలిని పెంచుకోవచ్చు. అందుకే పెద్ద ఫ్యాన్లు, ఎదురెదురు కిటికీలు, ఎత్తయిన కప్పు ఉన్న హాలు ఇక్కడ ఏ ట్రెడ్‌మిల్ కన్నా విలువైనది.

మరి ఏసీ ఉంటే సరిపోదా? కరెంటు ఉన్నంతసేపూ సరిపోతుంది. 2023 చివరి నెలల్లో, 2024 మొదట్లో ఇక్కడ కోతలు తీవ్రంగా ఉండేవి. నేను వెళ్లిన ఆ ఖరీదైన జిమ్‌లో జనరేటరు ఉండేది, అయితే దాని మీద దీపాలూ కొన్ని యంత్రాలే నడిచేవి, ఏసీలు ఆగిపోయేవి. తెరవడానికి వీల్లేని అద్దాల గది పది నిమిషాల్లో ఆవిరి పట్టిన వంటిల్లులా తయారయ్యేది. రబ్బరు చాపల నుంచి ముక్కిన వాసన. ఫిర్యాదు చేస్తే నవ్వుతూ ‘పోలే’ (స్వాహిలీలో ‘అయ్యో పాపం’) అని సానుభూతి చూపేవారు, రుసుములో మాత్రం ఒక్క షిల్లింగూ తగ్గేది కాదు. 2024 ఫిబ్రవరిలో రుఫిజి నది మీద జూలియస్ న్యెరెరే జలవిద్యుత్ కేంద్రం ఉత్పత్తి మొదలుపెట్టాక పరిస్థితి చాలా మెరుగైంది. దాని మొత్తం సామర్థ్యం 2,115 మెగావాట్లు. అయినా పెద్ద వాన పడితే కరెంటు పోవడం ఇప్పటికీ ఉంది. జిమ్‌లో చేరేముందు జనరేటరు ఉందా అని మాత్రమే అడిగితే చాలదు, దాని మీద ఏమేమి నడుస్తాయో అడగండి.

ఏసీ గురించి ఇంకో మాట. కొత్త వేడికి ఒళ్లు అలవాటు పడటానికి సుమారు రెండు వారాలు పడుతుంది. రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, చెమటలో ఉప్పు తగ్గుతుంది. ఇల్లు, కారు, ఆఫీసు, జిమ్ అన్నీ చల్లగానే ఉంటే ఆ అలవాటు సరిగా రాదు. కొత్తగా వచ్చినవారు మొదటి రెండు వారాలు బరువులు సగానికి తగ్గించి చేయడం మంచిది. మా శిక్షకుడు అందరికీ మొదటి రోజే చెప్పే మాట ‘పోలే పోలే’. అదే మాట రెండుసార్లు అంటే నెమ్మదిగా అని.

ఇక ఉపంగా జిమ్ సంగతి. హాలుకు రెండు వైపులా గోడ బదులు ఇనుప జాలీ, కప్పుకు ఫ్యాన్లు, మూలల్లో నిలువు ఫ్యాన్లు. జూన్ నుంచి ఆగస్టు దాకా ఆగ్నేయం నుంచి కుసి గాలి వీచే రోజుల్లో ఫ్యాన్లు కూడా అక్కర్లేదు. బరువుల్లో కొన్ని దిగుమతి చేసుకున్నవి, కొన్ని ఇక్కడి వెల్డింగ్ షాపుల్లో చేయించినవి. ఉప్పుగాలికి ఇనుము ఊరుకోదు. బరువులు తగిలించే బార్ మీది గరుకు గీతల్లో తుప్పు చేరి అరచేతులకు గోధుమరంగు అంటుకుంటుంది. ఇక్కడి కాపలా మనిషి ప్రతి ఆదివారం ఒక్కో బార్‌నూ ఒళ్లో పెట్టుకుని, ఇత్తడి బ్రష్‌తో గీతగీతనూ రుద్ది, కుట్టుమిషన్ నూనె గుడ్డతో తుడుస్తాడు. సముద్రం పక్కన జిమ్ నడిపేవారికి పరికరాల మీద శ్రద్ధ ఉందో లేదో బార్‌ను ఒకసారి పట్టుకుంటే తెలిసిపోతుంది. ఖరీదైన చోట కూడా ఇంత శ్రద్ధ నాకు కనబడలేదు.

లోపాలు లేకపోలేదు. జాలీలోంచి గాలితోపాటు దోమలూ వస్తాయి. ఈ ఊళ్లో మలేరియా ఉంది, డెంగీ కూడా వచ్చిపోతుంటుంది. సాయంత్రం ఆరు దాటాక కాళ్లకు దోమల మందు రాసుకోకుండా వెళ్లకూడదు. గుంజీలు తీసే రాక్ ఒక్కటే కాబట్టి ఆఫీసులు వదిలే వేళ వరుసలో నిలబడాలి. సాయంత్రం ఏరోబిక్స్ తరగతిలో పాటల మోత చెవులు దిబ్బళ్లు పడేలా ఉంటుంది. మా ఆవిడ కొన్నాళ్లు వచ్చి, మగవాళ్ల రద్దీ మధ్య ఇబ్బందిగా ఉందని మానేసింది. ఇప్పుడు ఆడవాళ్లకు వేరే సమయం కేటాయించిన ఇంకో జిమ్‌కు వెళ్తోంది. ఈ విషయంలో మా జిమ్‌కు మంచి మార్కులు వేయలేను.

రుసుము నెలనెలా ఫోనులో ఎంపెసాతో కడతాను. ఏడాదికి ఒకేసారి కడితే తగ్గిస్తామంటారు, ఆ మాటకు లొంగకండి. కనీసం ఒక ఫిబ్రవరి నెల ఆ హాల్లో గడిపాక నిర్ణయించుకోండి. 2025 మార్చి నుంచి దేశంలో ధరలను విదేశీ కరెన్సీలో చెప్పకూడదన్న నిబంధన వచ్చింది. ఎవరైనా డాలర్లలో అడిగితే షిల్లింగుల్లోనే కడతానని చెప్పండి.

ఇక్కడ చర్మం సంగతి చిన్న విషయం కాదు. తడిసిన నూలు బనియను ఒంటికి అంటుకుని ఉంటే చెమటకాయలు, తామర తప్పవు. త్వరగా ఆరే బట్టలు వేసుకోండి. రెండు తువ్వాళ్లు తీసుకెళ్లండి, ఒకటి బల్ల మీద పరచడానికి, ఒకటి తుడుచుకోవడానికి. బూట్లు సంచిలో వదిలేస్తే రెండు రోజుల్లో బూజు పడతాయి. బయటికి రాగానే సైకిల్ మీద మడాఫు, అంటే మన కొబ్బరిబొండాలు, అమ్మేవారు ఉంటారు. ఒకటి తాగండి. బాగా చెమట పోసిన రోజు మాత్రం అది చాలదు, ఓఆర్ఎస్ కలిపిన నీళ్లు తాగాలి.

పరుగే ప్రధానం అనుకునేవారికి మా జిమ్ పనికిరాదు, ట్రెడ్‌మిల్‌లు పాతబడిపోయాయి. అలాంటివారు ఆ డబ్బు మిగుల్చుకుని 2022లో తెరిచిన టాంజనైట్ వంతెన మీదికి వెళ్లండి. ఆగా ఖాన్ ఆస్పత్రి వైపు నుంచి కోకో బీచ్ వైపుకు సముద్రం మీదుగా కిలోమీటరు పైచిలుకు ఉంటుంది. శని, ఆదివారాల్లో తెల్లవారకముందే ఒకే రంగు చొక్కాలతో జాగింగ్ బృందాలు పాడుకుంటూ వస్తాయి. కొత్తవారిని కలుపుకోవడానికి వాళ్లకు అభ్యంతరం ఉండదు. ఏడింటికల్లా ముగించండి, ఆ తర్వాత వంతెన మీద నీడ ఉండదు.