వాలు ర్యాంప్ మీద ఆటోమేటిక్ కారు: ముందు 'పీ'నా, హ్యాండ్‌బ్రేకా?

తిరుపతిలో మా ఇంటి ర్యాంప్ కాస్త నిటారు, వాననీళ్లు లోపలికి రాకూడదని నాన్న అలా కట్టించారు. కారు దాని మీదే ఆపాలి. మొదట్లో నేను చేసింది చాలామంది చేసేదే: బ్రేక్ తొక్కి, గేర్ లివర్‌ని 'పీ' (పార్క్)లో వేసి, కాలు తీసేసి, ఆ తర్వాత తీరిగ్గా హ్యాండ్‌బ్రేక్ లాగడం. బండి కొంచెం వెనక్కి జారి టక్కున ఆగేది. పొద్దున లివర్ కదిపితే గట్టిగా వచ్చి, కింద ఠంగుమని పక్కింటి పిన్ని తొంగి చూసేంత శబ్దం.

కారణమేంటంటే, 'పీ'లో బండిని పట్టేది బ్రేకులు కాదు, గేర్‌బాక్స్‌లో పళ్ల చక్రం సందులో పడే చిన్న ఇనప కొక్కెం. బరువంతా దాని మీదే.

రెండో పద్ధతిలో బ్రేక్ తొక్కే ఉంచి 'ఎన్' (న్యూట్రల్)లో వేసి, హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా లాగి, కాలు మెల్లగా వదిలితే బండి కాస్త కదిలి చక్రాల బ్రేకుల మీద కుదురుకుంటుంది. మళ్లీ తొక్కి, అప్పుడు 'పీ'. తీసేటప్పుడు బ్రేక్ తొక్కి ముందు 'పీ' నుంచి మార్చాలి, తర్వాతే హ్యాండ్‌బ్రేక్ దించాలి. ఐదు సెకన్లు ఎక్కువ, అంతే! బటన్ నొక్కితే పడే హ్యాండ్‌బ్రేకైనా ఇదే వరస.

చదును నేల మీద మొదటి పద్ధతైనా నష్టం లేదు. వాలు మీద మాత్రం నా ఓటు రెండోదానికే. తిరుమల ఘాట్ దిగొచ్చిన రోజు బ్రేకులు వేడెక్కి ఉంటాయి, చల్లారాక పట్టు సడలొచ్చు కాబట్టి ఇంకో క్లిక్కు ఎక్కువే లాగి, టైరు కింద రాయి కూడా పెడతా, మా ఆవిడ నవ్వినా సరే.