చావి గడియారమా, సెల్లు గడియారమా?

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరైనా, మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరైనా, గడియారాలు బాగుచేసే దుకాణాలకు ఇప్పుడు వచ్చే పని ఎక్కువగా సెల్లు మార్చడం, పట్టీ బిగించడమే. తాతగారి హెచ్‌ఎంటీ జనతా, అంటే చావి తిప్పే చేతి గడియారం, ఇంట్లో ఆగిపోయి ఉన్నవారు దాన్ని బాగుచేయించాలా, సెల్లుతో నడిచే కొత్త క్వార్ట్జ్ గడియారం కొనాలా అన్నది ఆలోచించవలసిన విషయమే.

కచ్చితత్వంలో పోటీ లేదు. క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది కనుక మామూలుగా నెలకు పదిహేను, ఇరవై సెకన్లకు మించి తేడా రాదు. జనతా లోపల అటూ ఇటూ ఊగే చక్రం గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది, రోజుకు అర నిమిషం అటూ ఇటూ కావడం సహజం.

మరమ్మతు దగ్గరే అసలు తేడా. క్వార్ట్జ్‌లో లోపలి కాయిల్ తెగితే మిషిన్ మొత్తం తీసి కొత్తది పెడతారు; అది గంట పని కూలి కన్నా చవక. చావి గడియారానికైతే పనివాడు కంటికి అద్దం బిగించుకొని, మరలన్నీ విప్పి, గడ్డకట్టిన నూనెను పెట్రోలుతో కడిగి, అరుగుదల తగ్గించే 17 చిన్న రాళ్లలో ఇరుసులు తిరిగే చోట సూదిమొనతో నూనె పెట్టి, వెంట్రుకలాంటి స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగలకుండా సర్దాలి. ఈ చేతిపని ఏళ్ల తరబడి పక్కన కూర్చుంటే తప్ప రాదు, అలా కూర్చునే కుర్రవాళ్లు కరువయ్యారన్నదే నా బాధ.

హెచ్‌ఎంటీ గడియారాల తయారీ 1961లో బెంగళూరులో జపాన్ సిటిజన్ సంస్థ సహకారంతో మొదలైంది; హెచ్‌ఎంటీ వాచెస్ సంస్థ మూసివేతకు 2016లో కేంద్రం ఆమోదం తెలిపింది. కనుక పాత జనతాకు విడిభాగాలు ఎక్కువగా పాడైన పాత గడియారాల నుంచే దొరకాలి. రోజువారీ వాడకానికి క్వార్ట్జ్ కొనండి. తాతగారి జనతాను మాత్రం, పని తెలిసిన చేయి ఊళ్లో ఉండగానే ఇప్పుడే బాగుచేయించండి.