తొమ్మిదేళ్లుగా నా వేలికున్న పులికన్ను ఉంగరం

వెండిలో పొదిగిన ఈ టైగర్ ఐ ఉంగరాన్ని నేను గ్రహబలం కోసం కొనలేదు, దానిలో కదిలే వెలుగు చార కోసమే కొన్నాను. చేతిని కాస్త వంచితే చాలు, ఆ చార రాయి ఒక అంచు నుంచి మరో అంచుకు జారుతుంది. రాయిలో ఒకే దిశగా పరచుకున్న సన్నని పోగుల మీద కాంతి పడి మళ్లడం వల్లనే అది పుడుతుంది కనుక, కోసేవాడు పోగుల వాలు చూసుకుని పైభాగాన్ని గుమ్మటంలా తీర్చకపోతే ఎంత మేలిరకం రాయైనా గోధుమరంగు పెంకులాగే మిగిలిపోతుంది.

మూడేళ్ల క్రితం ఉంగరం బిగుతైందని వదులు చేయమని ఒక కంసాలికి ఇచ్చాను. ఆయన రాయిని విప్పకుండానే వెనక వెండిని కోసి, ముక్క కలిపి, మంటతో టంకం పెట్టారు. సాయంత్రం చేతికి వచ్చిన ఉంగరంలో తేనెరంగు రాయి లేదు, ఇటుకరంగు రాయి ఉంది. రాయి మార్చేశారేమో అనుకున్నాను గానీ, అంచున నాకు బాగా తెలిసిన చిన్న గంటు అలాగే ఉంది.

కారణం తర్వాత తెలిసింది. ఈ రాయి పోగులకు మూలం క్రోసిడొలైట్ అనే నీలి రాతినార (ఆస్బెస్టాస్). దానిలోని ఇనుము ఆక్సీకరణం చెంది, నీటిని కలుపుకున్న ఐరన్ ఆక్సైడ్‌గా మారడం వల్లనే పసుపు వన్నె వస్తుంది. గట్టిగా వేడి తగిలితే ఆ నీరు పోయి హెమటైట్ అనే ఎర్రని ఇనుప ఖనిజం మిగులుతుంది, మళ్లీ పసుపు రాదు. బజారులో దొరికే ఎర్ర పులికన్ను రాళ్లలో చాలావాటిని కావాలనే ఇలా కాల్చి తయారు చేస్తారట. నాకు ఊరటనిచ్చిన విషయం ఒక్కటే: రంగు పోయినా చార పోలేదు. పోగుల అమరిక చెదరనందున అది ఇప్పటికీ అలాగే కదులుతోంది.

ఆ అమరిక ఎలా ఏర్పడిందన్నది కూడా ఆసక్తికరమే. ఈ రాయిలో ప్రధానంగా ఉండే క్వార్ట్జ్ అనే గట్టి ఖనిజం మెల్లగా రాతినార స్థానాన్ని ఆక్రమించిందని చాలాకాలం చెప్పారు. దక్షిణాఫ్రికా రాళ్లను పరిశీలించిన హీనీ, ఫిషర్ అనే పరిశోధకులు మాత్రం 2003లో మరో వివరణ ఇచ్చారు. రాతిలో పగులు ఏర్పడడం, దాన్ని క్వార్ట్జ్ పూడ్చడం, మళ్లీ పగలడం పదేపదే జరుగుతూ క్వార్ట్జ్, నారపోగులు కలిసే పెరిగాయని వారన్నారు.

ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చెప్పే మోస్ కొలమానంలో దీని కాఠిన్యం దాదాపు 7 కనుక గీతలు పడవని మొదట్లో అందరికీ చెప్పేదాన్ని. చాకు మొన విషయంలో ఆ మాట నిజమే. అయితే ఉంగరం తీయకుండా ఏళ్ల తరబడి ఇటుక పొడితో ఇత్తడి సామాను తోమడం వల్ల పైభాగం నునుపు తగ్గింది. ఇటుక పొడిలోని ఇసుక రేణువులు కూడా క్వార్ట్జే కదా. ఇప్పుడు తోమేముందు తీసి పెడుతున్నాను. గోరువెచ్చని సబ్బునీళ్లు, మెత్తని గుడ్డ తప్ప మరేదీ వాడడం లేదు, యాసిడ్, బ్లీచింగ్ దరిచేరనీయడం లేదు.

వేళ్ల లావు మారుతుండే నాలాంటివారికి ఉంగరం కంటే లాకెట్టే నయమేమో. వదులు చేయించక తప్పకపోతే మాత్రం, ముందు రాయి విప్పించాలి. మళ్లీ కొంటే లాకెట్టే కొనాలని నేనూ అనుకుంటాను గానీ, మెడలో ఉంటే చార కదలడం ఎదుటివాళ్లకే కనిపిస్తుంది, నాకు కనిపించదు. అందుకే ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.