అంబాసిడర్ హెడ్డుకు క్లిక్ టార్క్ రెంచి: మూడేళ్లు వాడాక

మా నాన్నగారి మార్క్ 4 పెట్రోల్ అంబాసిడర్‌కు మూడేళ్ల కిందట బోరు చేయించి ఇంజను మొత్తం కట్టించాం. అప్పుడే ఈ రెంచి కొన్నాను; నట్టును ఎంత బలంతో తిప్పాలో అంకె పెట్టుకుంటే, అంత బలం పడగానే టక్కుమంటుంది. ఇది టక్కుమంటే చాలు, ఇక హెడ్డు (ఇంజను బ్లాకు మీద బిగించే పై భాగం) గురించి టెన్షన్ లేదని కనిపించిన వాళ్లందరికీ చెప్పాను.

ఐదొందల కిలోమీటర్లు తిరిగాక, ఇంజను చల్లగా ఉన్నప్పుడు హెడ్డు మళ్లీ బిగించాలని, అప్పటికి గాస్కెట్ (హెడ్డుకీ బ్లాకుకీ మధ్య పెట్టే పలుచని పొర) నొక్కుకుని కూర్చుంటుందని బండి ఇచ్చేటప్పుడే మెకానిక్ చెప్పాడు. నేను ఎనిమిదొందలు దాటాక గానీ బానెట్ ఎత్తలేదు. చూస్తే మూడో ప్లగ్గు కింద, హెడ్డుకీ బ్లాకుకీ మధ్య అంచున కూలెంట్ కారి ఎండిన ఆకుపచ్చ చార. గోటితో గీకితే పొడి రాలింది. ఒక్కసారిగా గుండె జారిపోయింది.

హెడ్డు మీది రాకర్ కవర్ తీసి, రెంచిని 50 ఫుట్-పౌండ్లకు (తిప్పే బలానికి కొలత) పెట్టి లాగాను. పదకొండు నట్లూ కదలకుండానే టక్, టక్. (సాకెట్ 9/16 అంగుళం ఉండాలి, 14 ఎంఎం పట్టదు, 15 జారి నట్టు మూలలు తినేస్తుంది.) అన్నీ బాగానే ఉన్నాయనుకున్నా, వారానికే చార మళ్లీ వచ్చింది.

అప్పుడు మెకానిక్ వచ్చి మధ్య నట్టు మీద, పక్కనే హెడ్డు మీద సుద్దతో కలిపి ఒక గీత గీశాడు. ఆ ఒక్క నట్టునే పావు తిప్పు వదులు చేసి, మరకు చుక్క నూనె వేసి, నన్నే బిగించమన్నాడు. అదే 50 దగ్గర టక్కుమంది, కానీ నట్టు మీది గీత హెడ్డు మీది గీతను వడ్లగింజంత దాటి ఆగింది! పట్టేసిన మరలో రాపిడికే రెంచి టక్కుమంటోందన్నమాట, హెడ్డు మీద పడాల్సిన బిగువు పడనే లేదు. అలా మధ్య నుంచి బయటికి ఒక్కొక్కటే చేశాం. హెడ్డు కాస్త కిందికి దిగితే ట్యాపెట్ల (వాల్వులను తెరిచే భాగాల) సందు తగ్గుతుంది కాబట్టి అవీ మళ్లీ సెట్ చేశాం.

ఇంకో సంగతి. పని అయ్యాక రెంచిని 50 మీదే వదిలేసి నెలల తరబడి పెట్టెలో ఉంచాను. నిరుడు మెకానిక్ దగ్గరున్న ముల్లు రెంచితో (బలాన్ని ముల్లుతో చూపేది) పోల్చి చూస్తే నాది తక్కువకే టక్కుమంటోంది. స్ప్రింగు అలిసిపోయింది. సరిచేయించాక, వాడిన ప్రతిసారీ అన్నిటికన్నా తక్కువ అంకెకు తిప్పి పెడుతున్నాను.

కొనమనే చెబుతాను, అయితే నాది ఇనప హెడ్డు, ఆదివారాలు తిరిగే బండి. పద్మిని కారుది అల్యూమినియం హెడ్డు, దాని పుస్తకంలో ఉన్నట్టే చేయండి. ఒకసారి సాగాక పారేయాల్సిన కొత్తరకం బోల్టులున్న ఇంజన్లకు ఈ పద్ధతి అసలు వద్దు. మా బండి ఆ తర్వాత ఆరువేల కిలోమీటర్లు తిరిగింది. మూడో ప్లగ్గు కింద చెయ్యి పెడితే ఇప్పటికీ పొడిగానే ఉంది.